సాఫ్ట్‌నర్ నీళ్లు, నాపరాళ్లు, ఎండాకాలం: ఒక ప్లాంటెడ్ ట్యాంకులో కేహెచ్ నిలబడిన తీరు

చేపలతో పాటు నీటి మొక్కలు పెంచే ఈ ప్లాంటెడ్ ట్యాంకు హైదరాబాద్ పశ్చిమ శివార్లలోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంది. కొలతలు 90 × 45 × 45 సెంటీమీటర్లు. గాజు లెక్కకు 182 లీటర్లు పడుతుంది, ఇసుక, రాళ్లు పోను నీళ్లు 150 లీటర్లు. అడుగున పలుగు ఇసుక, దాని మీద దొంతరగా పేర్చిన 11 కిలోల తాండూరు నాపరాయి. రోటాలా, లుడ్విజియా, క్రిప్టోకోరైన్ మొక్కలు, రాళ్లకు కట్టిన అనూబియాస్, ఒక టెట్రాల గుంపు, చెర్రీ రొయ్యలు ఉన్నాయి. క్యానిస్టర్ ఫిల్టర్, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్, నీళ్ల పీహెచ్‌ను బట్టి ఆ గ్యాస్‌ను తెరిచి మూసే పీహెచ్ కంట్రోలర్ ఉన్నాయి. పరికరాల్లో లోపం లేదు. వారానికి 30 శాతం నీళ్లు తప్పకుండా మారుతున్నాయి.

అయినా రోటాలా కొత్త చిగుళ్లు పాలిపోయి మెలి తిరుగుతున్నాయి. రొయ్యలు మోల్టింగ్‌లో పాత పెంకు సగం వదిలి అక్కడే చనిపోతున్నాయి. పీహెచ్ తెల్లవారి 8.2, సాయంత్రం 7.4. యజమాని ముందు ఎండు బాదం ఆకులు వేశారు, తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న పీహెచ్ డౌన్ పోశారు. పోసినప్పుడల్లా పీహెచ్ దిగడం, మర్నాటికి మళ్లీ మొదటికి రావడం, గాజు మీద నాచు పెరగడం.

దిగిన పీహెచ్ తిరిగి ఎక్కడానికి కారణం కేహెచ్, అంటే నీళ్లలో ఉన్న బైకార్బొనేట్. పోసిన ఆమ్లం కొంత బైకార్బొనేట్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, ఆ గ్యాస్ వల్ల పీహెచ్ కాసేపు తగ్గుతుంది. గ్యాస్ గాల్లోకి పోగానే మిగిలిన బైకార్బొనేట్ పీహెచ్‌ను తిరిగి పైకి తెస్తుంది. లాభం లేకపోగా ఫాస్ఫేట్ పేరుకుంటుంది. ఇక్కడ కేహెచ్ 19 డిగ్రీలు ఉంది. అంత కేహెచ్ ముందు బాదం ఆకుల టానిన్ నీటికి రంగు తెస్తుంది, అంతే.

కొలతలు

కొలిచే ముందు పీహెచ్ పెన్నును 6.86, 9.18 పొడులతో సరిచేశాం. ఈ పెన్నులతో పాటు చిన్న పొట్లాల్లో వచ్చేవి ఆ పొడులే. ఒక్కో పొట్లాన్ని 250 మిల్లీలీటర్ల ఆర్వో నీళ్లలో కరిగించాలి. కుళాయి నీళ్లలో కరిగిస్తే ఆ ద్రావణమే తప్పవుతుంది. కేహెచ్‌ను, జీహెచ్‌ను (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం) చుక్కల కిట్‌తో, టీడీఎస్‌ను (కరిగి ఉన్న లవణాల మొత్తం) మీటరుతో చూశాం. 5 మిల్లీలీటర్లకు ఒక చుక్క ఒక డిగ్రీ అని కిట్ మీద ఉంటే, 10 మిల్లీలీటర్లు తీసుకుంటే చుక్కకు అర డిగ్రీ వస్తుంది. కేహెచ్ 3, 4 దగ్గర నిలపాలనుకునేవాళ్లకు ఆ అర డిగ్రీ చాలా ముఖ్యం.

కుళాయి: కేహెచ్ 14, జీహెచ్ 1, టీడీఎస్ 740.
ట్యాంకు: కేహెచ్ 19, జీహెచ్ 3, టీడీఎస్ 960.

మొత్తం కేసు ఈ రెండు వరుసల్లోనే ఉంది. బోరు నీళ్లకు కేహెచ్ 14 ఉండటం ఈ ప్రాంతంలో వింత కాదు, కానీ దాని పక్కన జీహెచ్ 1 ఉండదు. జీహెచ్ కంటే కేహెచ్ బాగా ఎక్కువగా ఉంటే ఆ నీళ్లలో సోడియం బైకార్బొనేట్ ఉన్నట్టే. అది కొన్నిచోట్ల భూమిలోంచే వస్తుంది. అపార్ట్‌మెంట్లలో అయితే ముందు చూడాల్సింది పైన ట్యాంకు దగ్గరున్న సాఫ్ట్‌నర్‌ను. ఇక్కడా అదే. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టిన బోరు నీళ్లలో కేహెచ్ 14, జీహెచ్ 22, టీడీఎస్ 720.

సాఫ్ట్‌నర్ నీళ్లలోని లవణాలను తగ్గించదు, కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. ఒక డిగ్రీ జీహెచ్ పోతే లీటరుకు 8.2 మిల్లీగ్రాముల సోడియం వచ్చి చేరుతుంది. 21 డిగ్రీలు పోయాయి కాబట్టి దాదాపు 170 మిల్లీగ్రాములు. కేహెచ్ అలాగే ఉంటుంది, టీడీఎస్ మీటరు తేడా చూపదు. బట్టలకూ గీజర్‌కూ మంచివైన ఈ నీళ్లలో రొయ్యకు పెంకు కట్టుకునే కాల్షియం లేదు, మొక్కకు మెగ్నీషియం లేదు. చిగుళ్లు మెలి తిరగడానికి కాల్షియం లేమి ఒక కారణం. పాలిపోవడానికి మరో కారణం వాడుతున్న ఇనుము. అది ఈడీటీఏ (ఇనుమును నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనం) రూపంలో ఉంది. పీహెచ్ సుమారు 6.5 దాటితే ఈడీటీఏకు ఇనుము మీద పట్టు తప్పుతుంది, 7.4 నుంచి 8.2 మధ్య ఊగే ట్యాంకులో పోసింది పోసినట్టు అడుగుకు చేరుతుంది.

కుళాయి కేహెచ్ 14 ట్యాంకులో 19 ఎలా అయిందన్నది తర్వాతి ప్రశ్న. వేసవి వేడికి ట్యాంకు మీద రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నీళ్లు 28 డిగ్రీల్లో ఉంటున్నాయి కానీ రోజుకు 2 లీటర్లు ఆవిరవుతున్నాయి. ఆ లోటును యజమాని కుళాయి నీళ్లతోనే పూడుస్తున్నారు. ఆవిరిలో ఉప్పు పోదు. వారానికి 14 లీటర్ల కుళాయి నీళ్లు అదనంగా చేరితే 150 లీటర్లలో కేహెచ్ 1.3 పెరుగుతుంది. వారం వారం 30 శాతం మార్చినా, మార్చేవీ అవే నీళ్లు కావడంతో లెక్క 17, 18 దగ్గర స్థిరపడుతుంది. మిగతా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కడివో కుళాయి జీహెచ్ 1, ట్యాంకు జీహెచ్ 3 అన్న తేడా చెబుతోంది. కాల్షియం ట్యాంకు లోపలి నుంచే వస్తోంది. ఇంత సోడియం బైకార్బొనేట్ ఉన్న నీళ్లలో రాయి కొద్దిగా కరగగానే నీరు నిండిపోయి కరగడం ఆగిపోతుంది, అందుకే రెండు డిగ్రీలతో సరిపోయింది. నీళ్లు మెత్తబడ్డాక అదే రాయి ఎలా ప్రవర్తిస్తుందో ఐదు వారాల తర్వాత తెలిసింది.

ఆర్వో కుళాయిని నమ్మకండి

మందు సులువుగానే కనిపిస్తుంది: ఆర్వో నీళ్లు తెచ్చి, సాఫ్ట్‌నర్‌కు ముందున్న బోరు నీళ్లు కొంచెం కలపడం. కానీ వంటింటి ఆర్వో కుళాయి నీళ్ల టీడీఎస్ 130 వచ్చింది, కేహెచ్ 2.5. మెంబ్రేన్ (ఆర్వోలో ఉప్పును ఆపే పొర) బాగానే ఉంది. ఇళ్లలో వాడే ఆర్వో యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న వాల్వ్ ఉంటుంది. రుచి కోసం అది మెంబ్రేన్ దాటని నీళ్లు కొన్ని కలుపుతుంది. ఆ తర్వాత మినరల్ కాట్రిడ్జ్ ఉంటుంది. ఈ ఇంట్లో ఆ వాల్వ్ కలిపేవి సాఫ్ట్‌నర్ నీళ్లే, అంటే మళ్లీ సోడియమే.

మెంబ్రేన్ నుంచి మంచి నీళ్లు వచ్చే పావు అంగుళం గొట్టానికి, కంట్రోలర్ కలిసే చోటుకు ముందు, ఒక టీ కనెక్టర్ వేశాం. అక్కడి నుంచి బాల్ వాల్వ్, దాని నుంచి నేరుగా 50 లీటర్ల ఫుడ్ గ్రేడ్ డ్రమ్ము. ఇక్కడ పట్టిన నీళ్ల టీడీఎస్ 28, కేహెచ్ అర డిగ్రీ. 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేన్ గంటకు సుమారు 12 లీటర్లు ఇస్తుంది, కాబట్టి 40 లీటర్లకు మూడున్నర గంటలు. డ్రమ్ములో ఫ్లోట్ వాల్వ్ పెట్టకపోతే ఒకరోజు కాకపోతే ఒకరోజు వంటిల్లు తడవడం ఖాయం. బయటికి పోయే వృథా నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు, కుండీ మొక్కలకు మాత్రం పోయొద్దు. సాఫ్ట్‌నర్ సోడియమంతా అందులోనే ఉంటుంది.

ఎంత కలపాలో ఒక్క లెక్కలో తేలుతుంది. కావలసిన కేహెచ్ నుంచి ఆర్వో కేహెచ్ తీసేసి, దాన్ని బోరు, ఆర్వో కేహెచ్‌ల తేడాతో భాగించాలి. (3.2 − 0.5) ÷ (14 − 0.5) = 0.2. అంటే 50 లీటర్లలో 10 లీటర్లు పచ్చి బోరు నీళ్లు, 40 లీటర్లు ఆర్వో. జీహెచ్ దానంతట అదే 4.4 వస్తుంది, టీడీఎస్ 165 దగ్గర ఉంటుంది. టెట్రాలకూ మొక్కలకూ అది చాలు. రొయ్యల కోసం జీహెచ్ 6 దగ్గర ఉండాలి కాబట్టి తర్వాతి రోజుల్లో 50 లీటర్ల డ్రమ్ముకు 1.5 గ్రాముల జిప్సం, 1.1 గ్రాముల ఎప్సం సాల్ట్ చేర్చాం. జిప్సం మెల్లగా కరుగుతుంది, ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా వదిలేయాలి. తొందరగా కావాలంటే జిప్సం బదులు డైహైడ్రేట్ కాల్షియం క్లోరైడ్ 1.3 గ్రాములు.

ఎయిర్ స్టోన్‌కు ఇంకో పని ఉంది. బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లలో భూమి లోపలి కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. పట్టగానే పీహెచ్ 7.1, రాత్రంతా గాలి తగిలాక 8.1 వచ్చింది. కేహెచ్ మాత్రం మారలేదు. బోరు దగ్గర పీహెచ్ చూసి మెత్తటి నీళ్లనుకోవడం ఈ కారణంగానే జరుగుతుంది.

దించడం

కేహెచ్ 19, టీడీఎస్ 960 ఉన్న ట్యాంకును ఒకేసారి మార్చకూడదు. చేప ఒంట్లో ఉప్పుకూ బయట నీళ్ల ఉప్పుకూ ఉన్న తేడాను మొప్పలు, మూత్రపిండాలు సర్దుకోవడానికి సమయం కావాలి. టీడీఎస్ సగానికి సగం ఒక్కరోజులో పడిపోతే రొయ్యలు అకాల మోల్టింగ్‌కు దిగుతాయి. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ 30 లీటర్లు, అంటే 20 శాతం మార్చాం. కాగితం మీద కేహెచ్ 19 నుంచి 15.8, 13.3, 11.3 ఇలా దిగుతూ పదో మార్పుకు 4.9 దగ్గరికి రావాలి. రోజువారీ ఆవిరి లోటుకు ఆర్వో నీళ్లు మాత్రమే. ఫ్యాన్ల మధ్య మిగిలిన చోట గాజు మూత పెడితే లోటు కొంత తగ్గింది.

ఈ ఐదు వారాల్లో అసలు ప్రమాదం పీహెచ్ కంట్రోలర్. దాన్ని 7.3 మీద పెట్టి ఉంచారు. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో 3 × కేహెచ్ × 10^(7 − పీహెచ్) అనే సూత్రం చెబుతుంది. కేహెచ్ 19 దగ్గర 7.3 అంటే దాదాపు 29 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), సరైన మోతాదే. అదే 7.3 కేహెచ్ 4 దగ్గర 6 పీపీఎం మాత్రమే, మొక్కలు ఆకలితో ఉంటాయి. కొత్త నీళ్లకు తగినట్టు మొదటి రోజే 6.6 పెట్టేస్తే ఇంకా ఘోరం, కేహెచ్ 19 ఉన్న నీళ్లలో అది 140 పీపీఎం దాటుతుంది, తెల్లారేసరికి చేపలుండవు. అందుకని దించే కాలమంతా కంట్రోలర్‌ను పక్కన పెట్టి, సాధారణ టైమర్ మీద సొలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే గ్యాస్ వాల్వ్) నడిపాం. లైటుకు రెండు గంటల ముందు తెరుచుకుంటుంది, లైటు ఆరడానికి గంట ముందు మూసుకుంటుంది. గ్యాస్ మోతాదును ఉదయం గ్యాస్ తెరవకముందు పీహెచ్‌తో పోల్చి చూశాం. మధ్యాహ్నానికి ఒక పాయింటు దిగితే చాలు. కేహెచ్ ఎంతున్నా ఒక పాయింటు అంటే పది రెట్ల గ్యాసే. పక్కన 4 డిగ్రీల కేహెచ్ ద్రావణం, బ్రోమోథైమాల్ బ్లూ ఉన్న డ్రాప్ చెకర్ (గ్యాస్ మోతాదును రంగుతో చూపే చిన్న పరికరం) ఆకుపచ్చగా ఉండాలి. అది గంట, రెండు గంటలు ఆలస్యంగా మారుతుంది, దాన్ని చూస్తూ నీడిల్ వాల్వ్ తిప్పకూడదు.

కరెంటు విషయం కూడా చూసుకోవాలి. సొలెనాయిడ్, ఫిల్టర్ రెండూ ఒకే ప్లగ్ బోర్డు మీద ఉండాలి. ఫిల్టర్ ఆగి సొలెనాయిడ్ ఇన్వర్టర్ మీద తెరిచే ఉంటే నీళ్లు కదలక గ్యాస్ ఒకచోటే నిండిపోతుంది.

లెక్క తప్పిన చోట

పదో మార్పు తర్వాత కేహెచ్ 4.9 రావాలి, 7 వచ్చింది. రొయ్యల ఉప్పులు ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి జీహెచ్ 4 దగ్గర ఉండాలి, 6 వచ్చింది. టీడీఎస్ 250 బదులు 300. డ్రమ్ములో నీళ్లను మళ్లీ కొలిచాం, 3.2 దగ్గరే ఉన్నాయి. మార్పు ఆపి వారం వదిలేస్తే కేహెచ్ ఇంకో డిగ్రీ, జీహెచ్ ఇంకో డిగ్రీ ఎక్కాయి.

రెండూ సమానంగా ఎక్కుతున్నాయంటే కాల్షియం కార్బొనేట్ కరుగుతోందని అర్థం. ఆవిరి వల్ల అయితే అన్నీ ఒకే నిష్పత్తిలో పెరగాలి, సోడియం బైకార్బొనేట్ అయితే కేహెచ్ ఒక్కటే పెరగాలి. తాండూరు, కడప నాపరాళ్లు సున్నపురాళ్లే. కేహెచ్ నిండిన పాత నీళ్లలో రాయి అంతకంటే కరగడానికి చోటు లేదు. కొత్త నీళ్లు ఆకలిగా ఉన్నాయి, పైగా గ్యాస్ వదిలినప్పుడల్లా పీహెచ్ 6.7కు దిగుతోంది. పాత నీళ్లలో దాదాపు నోరు మూసుకుని కూర్చున్న రాయి నీళ్లు బాగుపడగానే కరగడం మొదలుపెట్టింది. నీళ్లు సరిచేశాక కేహెచ్ ఎక్కుతుంటే చాలామంది ఆర్వోను అనుమానించి మెంబ్రేన్ మార్చేస్తారు. ముందు రాళ్లను చూడాలి.

పరీక్ష చాలా తేలిక. రాయి మూల మీద మేకుతో గీరి కొంచెం పొడి చేసి, దాని మీద బాత్రూమ్ యాసిడ్ రెండు చుక్కలు వేయాలి. నాపరాయి బుసబుసా పొంగింది. వెనిగర్, నిమ్మరసం కూడా పనిచేస్తాయి కానీ గట్టి రాయి మీద నురగ కంటికి ఆనదు, పొడి చేయకపోతే మోసపోతాం. నల్లరాయి, గ్రానైట్, పలుగురాయి పొంగవు. రాయిలో తెల్ల చారలుంటే చాకుతో గీయండి: గీత పడితే కాల్సైట్, చాకే జారిపోతే పలుగు.

యజమానికి ఆ దొంతర అంటే ఇష్టం. ఎపాక్సీ పూయవచ్చా అని అడిగారు. పూత ఒక్కచోట చిట్లినా కరగడం మొదలవుతుంది, లోపలెక్కడో తెలియదు కూడా. ఉంచుకోవాలంటే కేహెచ్ 7 దగ్గరే స్థిరపడటానికి ఒప్పుకుని, దానికి సరిపోయే మొక్కలు పెట్టుకోవడం నిజాయితీగల దారి, క్రిప్టోకోరైన్, అనూబియాస్ అందులో బాగానే పెరుగుతాయి. రోటాలా ఎర్రగా రావాలని కోరిక కాబట్టి రాళ్లు తీయడమే నిశ్చయమైంది. అనూబియాస్ దుంపలను దారాలు కోసి విడదీసి, పలుగురాళ్ల మీద కట్టాం. ఇసుక లేచి మురుగు అమ్మోనియా వదులుతుందని ఒకే రోజు సగం రాళ్లు, వారం తర్వాత మిగతా సగం తీశాం. రాళ్లు పోయాక ఇసుకను కూడా యాసిడ్ చుక్కతో చూశాం. నది ఇసుకలో గుల్లల ముక్కలుంటే అవీ ఇదే పని చేస్తాయి. ఇందులో లేవు.

నిలబెట్టడం

ఇప్పుడు ట్యాంకులో కేహెచ్ 3.5 నుంచి 4, జీహెచ్ 6 నుంచి 7, టీడీఎస్ 230 నుంచి 270 మధ్య ఉంటున్నాయి. ఉదయం పీహెచ్ 7.6, మధ్యాహ్నం 6.6. ఈ ఊగిసలాటను చూసి కంగారు పడాల్సిన పని లేదు. కార్బన్ డయాక్సైడ్ వల్ల రోజూ దిగి ఎక్కే పీహెచ్‌తో చేపలకు ఇబ్బంది రాలేదు, ఉప్పు సాంద్రత మారినప్పుడే వచ్చింది. కేహెచ్ స్థిరపడ్డాక కంట్రోలర్‌ను 6.6 దగ్గర, గ్యాస్ హద్దు మీరకుండా ఆపే కాపలాగా మాత్రమే తిరిగి పెట్టాం.

వారానికి ఒక్కసారి 45 లీటర్ల మార్పు, రోజూ ఆర్వోతో లోటు పూడ్చడం. ఎరువులు వ్యవసాయ మందుల దుకాణంలో దొరికేవే: 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, 150 లీటర్లకు 1.2 గ్రాములు వేస్తే నైట్రేట్ 5 పీపీఎం. 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, 0.1 గ్రాము వేస్తే ఫాస్ఫేట్ దాదాపు 0.5 పీపీఎం. రెండూ వారానికి మూడుసార్లు. ఇనుము కోసం ఈడీటీఏ మానేసి 11 శాతం ఇనుము ఉన్న డీటీపీఏ తీసుకున్నాం. పీహెచ్ 7.5 వరకూ అది ఇనుమును పట్టి ఉంచుతుంది. మోతాదు 0.14 గ్రాము, అంటే 0.1 పీపీఎం ఇనుము, ఎరువు వేయని రోజుల్లో. ఇనుము, ఫాస్ఫేట్ ఒకే సీసాలో కలపొద్దు, తెల్లగా అడుగుకు దిగుతాయి.

ఇంత తక్కువ కేహెచ్‌లో ఎరువూ, ఫిల్టరూ కూడా లెక్కలోకి వస్తాయి. ఫిల్టర్ బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్ చేసేటప్పుడు ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 7 మిల్లీగ్రాముల చొప్పున క్షారతను తినేస్తుంది. నైట్రేట్ తిన్న మొక్క కొంత క్షారతను తిరిగి నీళ్లలోకి వదులుతుంది. వారానికి వేసే 15 పీపీఎం నైట్రేట్‌ను మొక్కలు మొత్తం తింటే కేహెచ్ 0.7 దాకా పెరగవచ్చు. మొక్కలు బాగా ఎదిగే ట్యాంకులో ఈ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. చేపలు ఎక్కువై మొక్కలు తక్కువైతే కేహెచ్ కిందికి జారుతుంది. 2 కంటే కిందికి వస్తే 150 లీటర్లకు 4.5 గ్రాముల వంటసోడా ఒక డిగ్రీ పెంచుతుంది. సోడియం వద్దనుకుంటే పొటాషియం బైకార్బొనేట్ 5.4 గ్రాములు.

వానలు పడ్డాక బోరు మారింది. కేహెచ్ 14 నుంచి 10కి దిగింది. పాత నిష్పత్తిలోనే కలిపితే డ్రమ్ము కేహెచ్ 2.4 వచ్చేది. సూత్రంలో 10 పెడితే (3.2 − 0.5) ÷ (10 − 0.5) = 0.284, అంటే 50 లీటర్లలో 14 లీటర్లు బోరు, 36 లీటర్లు ఆర్వో. బోరు కుళాయి పక్కన ఒక కాగితం అంటించి, నెలకోసారి కేహెచ్, జీహెచ్ రాస్తున్నారు. కేహెచ్‌లో ఒక డిగ్రీ తేడా వస్తే మిశ్రమం మళ్లీ లెక్క కడుతున్నారు. ఆర్వో నీళ్ల టీడీఎస్ 28 నుంచి 45 దాటినప్పుడు మెంబ్రేన్ మార్చాలి, అది కూడా అదే కాగితం మీద ఉంది.